జార్జియా సినిమా పన్ను క్రెడిట్: వాడుకునేది నిర్మాత, బిల్లు కట్టేది రాష్ట్రం

అమెరికాలో ఏ రాష్ట్రంలో షూటింగ్ పెట్టుకోవాలా అని లెక్కలు వేసుకునే నిర్మాణ సంస్థ ముందు ఇవాళ ముప్పైకి పైగా రాష్ట్రాలు తమ తమ రాయితీల పట్టికలు పరుస్తున్నాయి. వాటిలో చాలా ఉదారమైనదిగా, తేలికగా చేతికందేదిగా పేరు తెచ్చుకున్నది జార్జియా రాష్ట్రపు సినిమా పన్ను క్రెడిట్, అంటే రాష్ట్రానికి కట్టవలసిన పన్నులోంచి నేరుగా తగ్గించుకోగలిగే మొత్తం. దీన్ని ఆర్థిక విధానంగా చర్చించడం మామూలే. కాని ధర, షరతులు, వినియోగదారుడు, పోటీదారులు అన్నీ ఉన్న సేవ కూడా ఇది. అందుచేత ఏ సేవ గురించైనా అడిగే ప్రశ్నలనే దీని గురించీ అడగవచ్చు: ఇస్తామన్నది ఇస్తున్నారా, పెట్టిన ధరకు అది తగునా, ఇంతకంటే మెరుగైనది మరో చోట ఉందా? చిక్కల్లా ఒక్కటే. ఈ సేవను వాడుకునేది నిర్మాత, దాని బిల్లు కట్టేది జార్జియాలో పన్ను చెల్లించే పౌరుడు. ఇద్దరి తరఫునా ఒకే రేటింగ్ ఇవ్వడం కుదరదు కాబట్టి రెండూ విడివిడిగా ఇస్తున్నాను.

ముందుగా పనితీరు. 2005లో మొదలై 2008లో ఇప్పటి రూపం తీసుకున్న ఈ పథకం కింద, జార్జియాలో కనీసం 5 లక్షల డాలర్లు ఖర్చు చేసిన నిర్మాణ సంస్థకు అర్హమైన ఖర్చులో 20 శాతం పన్ను క్రెడిట్‌గా లభిస్తుంది. తెరమీద రాష్ట్రపు పీచు పండు లోగోను చూపించినా, దానికి సమానమైన ప్రచారం చేసినా మరో 10 శాతం కలుస్తుంది. అంటే 5 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిన చిత్రానికి కోటిన్నర డాలర్ల క్రెడిట్ అన్నమాట. అందులో 50 లక్షలు కేవలం లోగో పుణ్యాన వచ్చినవి. చిత్రం ముగిశాక, ప్రేక్షకులు లేచి తలుపు వైపు నడుస్తుండగా వచ్చే పేర్ల వరుసలో కాసేపు కనిపించే ఒక పండు బొమ్మకు 50 లక్షల డాలర్లు చెల్లించే ప్రకటనకర్త మరొకరు ఉంటారని నేననుకోను.

అయితే కోటిన్నర క్రెడిట్ చేతికి వచ్చినంత మాత్రాన నిర్మాత దాన్ని నేరుగా వాడుకోలేడు. ఒక్క చిత్రం కోసం పెట్టిన కంపెనీకి జార్జియాలో చెప్పుకోదగ్గ ఆదాయపు పన్ను బాకీ ఉండదు. అందుకే చట్టం ఈ క్రెడిట్‌ను ఇతరులకు అమ్ముకోనిస్తుంది. రాష్ట్రంలో పెద్ద మొత్తంలో పన్ను కట్టవలసిన కంపెనీలు, సంపన్నులు దళారుల ద్వారా దీన్ని ముఖవిలువకంటే కొంత తక్కువకు కొని, తమ పన్నును పూర్తి ముఖవిలువ మేరకు తగ్గించుకుంటారు. ఖజానా కోల్పోయేది నిండు డాలరు, నిర్మాతకు చేరేది అంతకంటే తక్కువ. మధ్యలో జారిపోయిన సొమ్ముతో సినిమా పరిశ్రమకు ఏ సంబంధమూ లేదు. న్యూయార్క్ తన క్రెడిట్‌ను నేరుగా నిర్మాతకు వాపసు చెల్లిస్తుంది కాబట్టి అక్కడ ఇలా మధ్యలో సొమ్ము జారిపోవడం లేదు. ఒకే ఉపకారాన్ని తక్కువ ఖర్చుతో చేసే దారి ఉండగా ఎక్కువ ఖర్చయ్యే దారిని ఎంచుకోవడం జార్జియా రూపకల్పనలో నాకు కనిపించిన మొదటి లోపం.

నిర్మాత వైపు నుంచి చూస్తే మాత్రం ఫిర్యాదు చేయడానికి దాదాపు ఏమీ లేదు. ఏడాదికి ఇంత అన్న గరిష్ఠ పరిమితి లేదు, లాటరీ లేదు, వరుసలో నిలబడి ఎంపిక కోసం ఎదురుచూడవలసిన పని లేదు. షరతులు నెరవేర్చినవారందరికీ క్రెడిట్ వస్తుంది. చిత్ర నిర్మాణంలో రేటు ఎంత ముఖ్యమో ఈ నమ్మకం అంతకంటే ముఖ్యం, ఎందుకంటే రాబోయే క్రెడిట్‌ను చూపించి అప్పు తెచ్చుకునే నిర్మాతకు అది వస్తుందో రాదో తెలియకపోతే ఆర్థిక ప్రణాళికంతా కూలిపోతుంది. ఈ స్థిరత్వాన్ని చూసే పెట్టుబడిదారులు అట్లాంటా చుట్టూ శాశ్వత కట్టడాలకు డబ్బు పెట్టారు. ఫాయెట్ కౌంటీలో 2014లో పైన్‌వుడ్ పేరుతో తెరిచిన స్టూడియో ఇప్పుడు ట్రిలిత్‌గా నడుస్తోంది. పాత సైనిక స్థావరమైన ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌లో 330 ఎకరాల్లో టైలర్ పెర్రీ స్టూడియోస్ 2019లో లాంఛనంగా ప్రారంభమైంది. సౌండ్ స్టేజీలకు (బయటి శబ్దం చొరబడని షూటింగ్ హాళ్లకు) తోడు లైటింగ్ సిబ్బంది, వడ్రంగులు, కెమెరా, లైట్ల సామగ్రిని బిగించే గ్రిప్‌లు, దుస్తుల విభాగం వారు స్థానికంగానే దొరకడం వల్ల లాస్ ఏంజెలెస్ నుంచి అందరినీ విమానాల్లో దింపుకోవలసిన అవసరం తగ్గింది. నిర్మాత తరఫున దీనికి అయిదుకు అయిదు నక్షత్రాలు ఇవ్వడానికి నేను సందేహించను.

ఇక బిల్లు కట్టేవారి వైపు. ఈ పథకాన్ని సమర్థించేవారు దశాబ్దాలుగా చెబుతున్న మొదటి మాట, ఇది తన ఖర్చును తానే రాబట్టుకుంటుందని. ఈ మాటను పరీక్షించడానికి పెద్ద నమూనాలేమీ అక్కర్లేదు, చిన్న గుణకారం చాలు. జార్జియాలో ఆదాయపు పన్ను రేటు ఇటీవలి సంవత్సరాలలో అయిదు, ఆరు శాతం మధ్యనే ఉంది, రాష్ట్రపు అమ్మకపు పన్ను 4 శాతం. అన్ని పన్నులూ కలిపి, కొత్తగా పుట్టిన ప్రతి డాలరు ఆదాయంలోనూ రాష్ట్ర ఖజానాకు సగటున ఆరు సెంట్లు చేరతాయని ఉదారంగానే అనుకుందాం. నిర్మాత ఖర్చు చేసిన డాలరుకు రాష్ట్రం వదులుకున్నది 30 సెంట్లు. ఆ 30 సెంట్లు తిరిగి రావాలంటే ఆ ఒక్క డాలరు ఖర్చు వల్ల రాష్ట్రంలో అయిదు డాలర్ల కొత్త ఆదాయం పుట్టాలి. అదీ, ఆ సినిమా రాకపోయి ఉంటే ఎంతమాత్రమూ పుట్టి ఉండని ఆదాయమై ఉండాలి. సామగ్రి, నిపుణులు, పెట్టుబడిలో చాలా భాగం బయటినుంచి వచ్చి బయటికే పోయే పరిశ్రమలో ఒక డాలరు అయిదు డాలర్లు కావడం ఎక్కడా జరిగే పని కాదు.

ఒక డాలరు ఖర్చు రాష్ట్రంలో మొత్తం ఎన్ని డాలర్ల ఆర్థిక కార్యకలాపంగా మారుతుందో చెప్పే అంకెను గుణకం అంటారు. రాష్ట్రపు ఆర్థికాభివృద్ధి శాఖ ఒకప్పుడు ప్రచారంలో వాడిన గుణకం 3.57. దాదాపు 270 కోట్ల డాలర్ల ప్రత్యక్ష వ్యయాన్ని దానితో హెచ్చవేసి 950 కోట్ల డాలర్ల ఆర్థిక ప్రభావం అని ప్రకటించేవారు. 2020 జనవరిలో రాష్ట్ర ఆడిట్ శాఖ ఈ గుణకం అతిగా ఉందని తప్పుపట్టింది. నాకు ఆసక్తి కలిగించింది మరొకటి: ఆ అతి గుణకాన్నే నిజమని ఒప్పుకున్నా పైన వేసిన లెక్కలో డాలరు ఖర్చుకు 21 సెంట్లే తిరిగి వస్తాయి. ఇచ్చింది 30, కాబట్టి వదులుకున్న ప్రతి డాలరుకూ తిరిగి వచ్చేది 70 సెంట్లు. అంటే సొంత ప్రచార పత్రంలోని అంకె ప్రకారమే ఈ సేవ నష్టానికి నడుస్తోంది. అసలు పరిస్థితి దానికంటే చాలా కింద ఉంది. ఆడిట్ శాఖ కోసం జార్జియా స్టేట్ యూనివర్సిటీ నిపుణులు చేసిన అధ్యయనం, 2023 డిసెంబరులో వెలువడినది, క్రెడిట్‌గా వదులుకున్న ప్రతి డాలరుకూ పన్నుల రూపంలో తిరిగి వచ్చేది 19 సెంట్లని తేల్చింది. ఏడాదికి వంద కోట్ల డాలర్లు దాటిన క్రెడిట్ల మీద ఇది వర్తిస్తుందని గుర్తు పెట్టుకుంటే తేడా ఎంతో అర్థమవుతుంది.

ఇక్కడ ఈ పథకపు విమర్శకులతో కూడా నాకు ఒక పేచీ ఉంది. రాయితీ లేకపోయినా ఆ సినిమాలు వచ్చేవే, కనుక ఇది దండగ అని వారు తరచుగా అంటారు. కాలిఫోర్నియా విషయంలో ఆ మాటకు గట్టి ఆధారమే ఉంది. అక్కడ 2009లో ఏడాదికి 10 కోట్ల డాలర్లతో మొదలైన తొలి పథకంలో దరఖాస్తులు నిధులను మించిపోవడంతో లాటరీ వేసి ఎంపిక చేసేవారు. లాటరీలో పేరు రానివారు తరువాత ఏం చేశారో చూస్తే, క్రెడిట్ లేకపోతే ఎవరు వెళ్లిపోయేవారో, ఎవరు ఉండిపోయేవారో కొంతవరకు తెలుస్తుంది. విధానాలను పరిశీలించేవారికి ఇంత చక్కని సహజ ప్రయోగం అరుదుగా దొరుకుతుంది. శాసనసభకు సలహాలిచ్చే లెజిస్లేటివ్ అనలిస్ట్ కార్యాలయం 2016లో ఈ పథకాన్ని మదింపు చేసి, క్రెడిట్ పొందిన ప్రాజెక్టుల్లో దాదాపు మూడో వంతు అది లేకపోయినా కాలిఫోర్నియాలోనే తీసి ఉండేవారని అంచనా వేసింది. నటులు, రచయితలు, స్టూడియోలు అన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి అది సహజమే.

జార్జియా పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. 2008కి ముందు అక్కడ భారీ చిత్రాలు వరుసకట్టిన దాఖలాలు లేవు. ఇవాళ వస్తున్నవాటిలో చాలా భాగం క్రెడిట్ కోసమే వస్తున్నాయని ఒప్పుకోవడంలో తప్పులేదు, నిర్మాతలే బాహాటంగా ఆ మాట అంటారు. అంటే రావడం అన్న పని వరకు ఈ సేవ చెప్పినట్టే చేస్తోంది. అలా నిజంగా రప్పించుకున్నాక కూడా వదులుకున్న డాలరుకు 19 సెంట్లే తిరిగి వస్తున్నాయంటే లోపం సినిమాలు రావడంలో లేదు, వాటిని రప్పించడానికి పెట్టిన ధరలో ఉంది. పథకం పని చేయదన్న విమర్శకంటే ఇది తీవ్రమైన విమర్శ. పని చేయని యంత్రానికి మరమ్మతు చేయించుకోవచ్చు. సక్రమంగా పని చేస్తూనే నష్టం తెచ్చే యంత్రం ఎంత వేగంగా తిరిగితే నష్టం అంత పెరుగుతుంది. పరిమితి లేని క్రెడిట్ సరిగ్గా అదే చేస్తుంది.

ఆ ధర ఎందుకంత ఎక్కువైందో చూడాలంటే అర్హమైన ఖర్చు అన్న జాబితాను తెరవాలి. సినిమా బడ్జెట్‌ను రెండు భాగాలుగా రాస్తారు. ప్రధాన నటులు, దర్శకుడు, రచయిత, నిర్మాతల పారితోషికాలు గీత పైన ఉంటాయి. సాంకేతిక సిబ్బంది, సెట్లు, పరికరాలు, రవాణా, భోజనాలు గీత కింద ఉంటాయి. పై భాగంలోని మనుషులు చాలావరకు కాలిఫోర్నియాలోనో న్యూయార్క్‌లోనో ఉంటారు, షూటింగ్ అయ్యాక డబ్బుతో సహా వెళ్లిపోతారు. కాలిఫోర్నియా తన క్రెడిట్‌లో గీత పైనున్న జీతాలను మొదటినుంచీ లెక్కలోకి తీసుకోలేదు. జార్జియా తీసుకుంటుంది. మామూలు ఉద్యోగిగా జీతం తీసుకునేవారికి ఒక చిత్రానికి 5 లక్షల డాలర్ల వరకే అన్న హద్దు ఉంది గాని, నటుడు తన సొంత లోన్ ఔట్ కంపెనీ (తన సేవలను నిర్మాతలకు అందించడానికి తానే పెట్టుకున్న కంపెనీ) ద్వారా పారితోషికం తీసుకుంటే ఆ హద్దు వర్తించదు. పేరున్న నటులందరికీ అటువంటి కంపెనీలు ఉంటాయని వేరే చెప్పనక్కర్లేదు. కోటి డాలర్ల పారితోషికం మీద రాష్ట్రం 30 లక్షల డాలర్ల క్రెడిట్ ఇస్తుంది, ఆ చెల్లింపు మీద ఆదాయపు పన్నుగా అయిదారు లక్షలు పట్టుకుంటుంది. మిగిలిన 24 లక్షల పైచిలుకుకు బదులుగా జార్జియాకు దక్కేది ఆ నటుడు కొన్ని వారాలు అట్లాంటాలో బస చేయడం. ఈ సేవలో నేను మార్చదలచిన నిబంధన ఒక్కటే అయితే అది ఇదే.

ఉద్యోగాల విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పడం అన్యాయం. సెట్లు కట్టే వడ్రంగికి, కేబుళ్లు పరిచే ఎలక్ట్రీషియన్‌కు ఈ పరిశ్రమలో యూనియన్ వేతనాలు, ఆరోగ్య బీమా, పింఛను లభిస్తాయి. కాలేజీ డిగ్రీ లేకుండా ఆ స్థాయి సంపాదన దొరికే రంగాలు అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఎక్కువ లేవు. అట్లాంటా ప్రాంతపు స్టూడియో సిబ్బంది యూనియన్ అయిన ఐయాట్సీ లోకల్ 479 ఈ పథకం వచ్చాక ఎన్నో రెట్లు పెరిగింది. ఖజానాకు తిరిగి రాకపోయినా ప్రజల జేబుల్లోకి పోతోంది కదా అని సమర్థకులు అనేది ఈ కారణంగానే, ఆ మాటను కొట్టిపారేయలేం. ప్రభుత్వం చేసే ప్రతి ఖర్చూ పన్నుల రూపంలో తిరిగి రావాలని ఎవరూ కోరరు. బడి మీద పెట్టిన డబ్బుకు అటువంటి లెక్క అడగం.

కాని అలా అన్నప్పుడు వాదం మారిపోయిందన్న సంగతి గమనించాలి. తన ఖర్చును తానే రాబట్టుకునే పథకం కాస్తా వేతనాల కోసం డబ్బు ఖర్చు పెట్టే పథకం అయింది. అప్పుడు అదే డబ్బు మరో చోట పెడితే ఎన్ని వేతనాలు వచ్చేవన్న పోలిక తప్పదు. దాదాపు అన్ని రాష్ట్రాలూ ఏటా బడ్జెట్‌ను సరితూచి తీరాలి, కేంద్ర ప్రభుత్వంలా లోటు పెట్టి నెట్టుకురావడం వాటికి కుదరదు. వదులుకున్న ప్రతి డాలరుకూ బదులుగా మరో పన్ను పెంచాలి, లేదా ఏదో ఒక ఖర్చు కోయాలి. ఆ కోత వల్ల ఉపాధ్యాయులో, రోడ్డు పనివారో, వారికి సరుకులమ్మే దుకాణాలో ఆదాయం పోగొట్టుకుంటారు. సినిమా వల్ల పుట్టిన ఉద్యోగాలను మాత్రమే లెక్కపెట్టి, కోత వల్ల పోయినవాటిని వదిలేసే నివేదికను నమ్మడానికి లేదు. మసాచుసెట్స్ రెవెన్యూ శాఖ తన రాష్ట్రపు 25 శాతం క్రెడిట్ మీద వరుసగా ప్రచురించిన నివేదికల్లో ఈ రెండు వైపులనూ లెక్కలోకి తీసుకుంది. రాష్ట్రవాసులకు నికరంగా దక్కిన ఒక్కో ఉద్యోగానికి అయిన ఖర్చు చాలా ఏళ్లలో లక్ష డాలర్లకు పైనే తేలింది. అంత నిజాయితీగా లెక్క రాసుకున్న ఆ రాష్ట్రమే 2021లో పథకపు గడువును ఎత్తివేసి శాశ్వతం చేయడం ఈ మొత్తం వ్యవహారంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన విషయం.

పరిశోధకుల ఫలితాలూ ఈ దిశలోనే ఉన్నాయి. సదర్న్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ థామ్ 2016లో వివిధ రాష్ట్రాల అనుభవాన్ని పోల్చి, ఉపాధి, వేతనాల మీద ఈ రాయితీల ప్రభావం స్వల్పమనో తాత్కాలికమనో తేల్చాడు. ప్యాట్రిక్ బటన్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో రాయితీల వల్ల టీవీ సిరీస్‌ల చిత్రీకరణ పెరిగిందిగాని, సినిమాల సంఖ్య మీద, స్థానిక పరిశ్రమలోని మొత్తం ఉపాధి మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. టీవీ సిరీస్ విషయంలో ఫలితం వేరుగా ఉండడానికి కారణం ఊహించగలిగినదే. సిరీస్ ఒక చోట స్థిరపడితే ఏళ్ల తరబడి అక్కడే సాగుతుంది, సెట్లు అక్కడే ఉంటాయి, సిబ్బంది అక్కడే ఇళ్లు కొనుక్కుంటారు. క్రెడిట్ ఇవ్వక తప్పదనుకునే రాష్ట్రం సినిమాకంటే సిరీస్‌కు ఎక్కువ ఇవ్వడం అర్థవంతం.

ఈ సేవకు అనుకూలంగా చెప్పగలిగిన అత్యంత బలమైన ఆర్థిక వాదం ఇంకొకటి ఉంది, దానికి న్యాయం చేయాలి. ఒక పరిశ్రమ ఒక చోట గుమికూడితే ఖర్చులు తగ్గుతాయి, నైపుణ్యాలు పెరుగుతాయి, కొత్తవారు తమంతట తామే వస్తారు. హాలీవుడ్ అలా ఏర్పడిందే. కనుక మొదట కొన్నేళ్లు రాయితీ ఇచ్చి గుంపు తయారుచేస్తే తరువాత అది లేకపోయినా పరిశ్రమ నిలబడుతుందన్నది ఆ వాదం. సిద్ధాంతంగా ఇందులో లోపం లేదు. దీనికి జార్జియాకంటే మంచి పరీక్ష దొరకదు: దాదాపు రెండు దశాబ్దాల అవిచ్ఛిన్నమైన రాయితీ, ప్రపంచస్థాయి స్టూడియోలు, శిక్షణ పొందిన వేలాది సిబ్బంది అక్కడ ఉన్నారు. 2022 ఆర్థిక సంవత్సరంలో రాష్ట్రంలో నిర్మాణ వ్యయం 440 కోట్ల డాలర్లకు చేరింది. 2024 నాటికి అది సుమారు 260 కోట్లకు పడిపోయింది. 2023లో రచయితలు, నటులు చేసిన సమ్మెలు, స్ట్రీమింగ్ కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడం అందుకు పెద్ద కారణాలే. అయినా భారీ చిత్రాలు కొన్ని అట్లాంటాను వదిలి బ్రిటన్‌కు తరలిపోవడం కూడా ఈ కాలంలోనే జరిగింది. క్రెడిట్ రేటు పైసా తగ్గలేదు, గుంపు తయారైంది, స్టూడియోలు ఎక్కడివక్కడే ఉన్నాయి, పని మాత్రం కదిలిపోయింది. రాయితీ తీసేయవచ్చని చెప్పే ధైర్యం ఇప్పటికీ అక్కడ ఏ సమర్థకుడికీ లేదంటే ఆ వాదం ఇంకా రుజువు కాలేదనే అర్థం.

పోటీ సేవల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఈ పోటీ 1990లలో కెనడా ఇచ్చిన రాయితీలకు, చవకైన కెనడా డాలరుకు ప్రతిస్పందనగా ఊపందుకుంది. 2002లో లూసియానా, న్యూమెక్సికో తెరిచిన దారిలో నడిచి, 2009 నాటికి ఏదో ఒక రూపంలో రాయితీ ఇచ్చే రాష్ట్రాలు 44 అయ్యాయి. ఒక్క రాష్ట్రమే ఇచ్చినప్పుడు ఆకర్షణగా ఉన్నది అందరూ ఇచ్చేసరికి నిర్మాతకు దక్కే సాధారణ తగ్గింపుగా మారింది. న్యూయార్క్ తన పథకాన్ని 2023లో ఏడాదికి 70 కోట్ల డాలర్లకు, 2025లో 80 కోట్లకు పెంచింది. ఆ రాష్ట్రమే చేయించిన ఒక స్వతంత్ర అధ్యయనం ఆ క్రెడిట్ మహా అయితే ఖర్చుకు సరిసమానంగా తూగుతుందని, నికర నష్టమయ్యే అవకాశమే ఎక్కువని చెప్పింది. కాలిఫోర్నియా 33 కోట్లున్న వార్షిక పరిమితిని 2025లో 75 కోట్లకు పెంచుకుంది. రాష్ట్రాల్లో ఎవరికి వారు తమ ప్రయోజనం కోసమే రేట్లు పెంచుతున్నారు, ఆ పెంపు ఫలితం స్టూడియోల లాభనష్టాల పట్టికల్లో జమ అవుతోంది.

అయోవా అనుభవాన్ని నియంత్రణ లేని రాయితీకి హెచ్చరికగా చూడాలి. ఖర్చు మీద 25, పెట్టుబడి మీద మరో 25 శాతం ఇచ్చిన ఆ రాష్ట్రంలో 2009లో ఖరీదైన కార్లు కూడా నిర్మాణ వ్యయం కింద చేరినట్టు బయటపడి, పథకాన్ని ఆపేసి, క్రిమినల్ కేసులదాకా వెళ్లవలసి వచ్చింది. జార్జియాలో కూడా 2020 ఆడిట్ అనర్హమైన ఖర్చులకు క్రెడిట్లు జారీ అయ్యాయని గుర్తించింది. అదే ఏడాది వచ్చిన చట్టం నిర్మాణ వ్యయాల తనిఖీని దశలవారీగా తప్పనిసరి చేసింది. ఇది ఆలస్యంగా జరిగినా మంచి మార్పు, ఈ విషయంలో జార్జియాకు మార్కులు వేయాలి.

సేవను మానుకునే సౌలభ్యం గురించి కూడా కొనేవారు ముందే తెలుసుకోవడం మంచిది. 2008లో 42 శాతం దాకా ఇస్తూ దేశంలోనే అత్యంత ఉదారమైన పథకాన్ని తెచ్చిన మిషిగన్, పాంటియాక్ పట్టణంలోని పాత జనరల్ మోటార్స్ స్థలంలో స్టూడియో కట్టడానికి జారీ చేసిన 1.8 కోట్ల డాలర్ల బాండ్లకు ప్రభుత్వోద్యోగుల పింఛను నిధిని హామీగా నిలబెట్టింది. ప్రభుత్వం మారి క్రెడిట్లకు కత్తెర పడింది, 2012లో స్టూడియో బాండ్ల మీద కట్టవలసిన వాయిదా తప్పింది, ఆ 4 లక్షల 20 వేల డాలర్లు పింఛను నిధి నుంచి పోయాయి. 2015లో మిషిగన్ పథకాన్నే రద్దు చేసింది. నార్త్ కరోలినా 2014 చివర తన క్రెడిట్‌కు స్వస్తి చెప్పి దాని స్థానంలో చిన్న గ్రాంటు పెట్టగానే విల్మింగ్టన్‌లోని సిబ్బంది పని వెతుక్కుంటూ జార్జియా బాట పట్టారు. లూసియానా ఏళ్ల తరబడి పరిమితులు బిగిస్తూ వచ్చి, 2024లో రద్దు అంచుదాకా వెళ్లి, చివరకు ఏడాదికి 12.5 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. మూడింటిలోనూ నష్టపోయినవారు స్థానిక సిబ్బందే. నిర్మాతలు తరువాతి చిత్రాన్ని మరో రాష్ట్రంలో తీసుకున్నారు.

జార్జియాలో 2024లో ప్రతినిధుల సభ ఆమోదించిన ఒక బిల్లు, ఏటా అమ్ముకోగలిగే క్రెడిట్ల మొత్తాన్ని రాష్ట్ర ఆదాయ అంచనాలో 2.5 శాతానికి, అంటే అప్పటి లెక్కన సుమారు 90 కోట్ల డాలర్లకు పరిమితం చేయాలనుకుంది. సెనేట్‌లో అది ముందుకు సాగలేదు. ఆ పరిమితికి తోడు లోన్ ఔట్ కంపెనీల ద్వారా చెల్లించే పారితోషికాలకు కూడా 5 లక్షల హద్దు పెట్టి, లోగోకిచ్చే 10 శాతాన్ని జార్జియాలో నివసించే సిబ్బంది వేతనాల మీద ఇచ్చే అదనపు రేటుగా మారిస్తే, ఖర్చయ్యే మొత్తం తగ్గి, ఖర్చయినదాంట్లో రాష్ట్రంలో మిగిలే భాగం పెరుగుతుంది. అప్పుడు దీన్ని మూడు నక్షత్రాల సేవ అనడానికి నాకు అభ్యంతరం ఉండదు. ఇప్పుడున్న రూపంలో నిర్మాతకు అయిదు నక్షత్రాలు, పన్ను కట్టేవారికి రెండు. ఆ రెండింటిలో ఒకటి ఐయాట్సీ సభ్యుల జీతాలకు, రెండోది 2020 తరువాత వచ్చిన తనిఖీలకు.